నాలుగు పంక్తుల పాఠం

(మెదకు జిల్లా కుల్చారంలో చేసిన కోలాచల మల్లినాథ సూరి స్మారక ఉపన్యాసం)

 ముందు వరుసలో చాప మీద కూర్చున్న బడి పిల్లలూ, నడుమ నిద్రొస్తే పడుకోండి, నేనేమీ అనను. మీ వయసులో నేనూ సభల్లో నిద్రపోయినవాణ్నే.

ఈ ఉపన్యాసానికి పిలిచినప్పుడు విషయం ఏమిటని అడిగారు. మగపిల్లల్ని కాలేజీకి తయారుచేసే క్యాథలిక్ బడుల చరిత్ర అన్నాను. ఫోనులో అవతలి వైపు కాసేపు మాట లేదు. తర్వాత మర్యాదగానే, "సార్, మల్లినాథుడికీ మిషన్ బడులకూ ఏం సంబంధం?" అన్నారు. వచ్చి చెబుతానన్నాను. వచ్చాను.

ముందుగా మల్లినాథుణ్ని తలుచుకుందాం. కోలాచలం అనే ఇంటిపేరు ఈ ఊరిదే. ఊరి పేరును కుల్చారం అనండి, కొల్చారం అనండి, నోరు తిరిగినట్టల్లా పిలవండి, దేశంలో ఎక్కడ రఘువంశం పుస్తకం తెరిచినా శ్లోకం కింద చిన్న అక్షరాల్లో ఈ ఊరి మనిషే ఉంటాడు. ఆయన కాలం 14, 15 శతాబ్దాల నడుమ. కాళిదాసు కావ్యాలకు సంజీవని, భారవి కిరాతార్జునీయానికి ఘంటాపథం, మాఘుడి శిశుపాలవధకు సర్వంకష, శ్రీహర్షుడి నైషధానికి జీవాతు ఆయన రాసిన వ్యాఖ్యలు. ఆయన పేరు నిలిచింది కావ్యం రాసినందుకు కాదు, ఇతరులు రాసిన కావ్యాలను మనచేత చదివించినందుకు. చెడ్డ వ్యాఖ్యల విషం తాగి కాళిదాసు వాక్కు మూర్ఛపోయిందనీ, దాన్ని లేపడానికే సంజీవని రాశాననీ చెప్పుకున్నాడు. భారవి మాటను కొబ్బరికాయతో పోల్చాడు. పైన పీచు, లోపల చిప్ప, పగలగొడితే గాని నీళ్లు లేవు. పగలగొట్టి ఇచ్చే పని నాది అన్నాడు.

ఆయన రెండు నియమాలు పెట్టుకున్నాడు. ఆధారం లేనిది రాయడు, అక్కర్లేనిది చెప్పడు. మొదటిది పండితుడికి కష్టం. రెండోది ఉపన్యాసకుడికి కష్టం. ఈ సాయంత్రం నేను ఎక్కడ తప్పానో మీరే లెక్కపెట్టుకోండి.

నేను చెప్పదలచింది ఒక్కటే. పిల్లవాణ్ని పై చదువుకు తయారుచేయడమంటే ప్రవేశ పరీక్షకు తయారుచేయడం కాదు, కొంచెం పాఠాన్ని నిదానంగా విప్పి చదవడం నేర్పడం. ఈ సంగతి మల్లినాథుడికి తెలుసు. ఆ పాత క్యాథలిక్ బడులు మొదలుపెట్టినవాళ్లకూ తెలుసు. ఆ బడుల నుంచి మనం యూనిఫాం తెచ్చుకున్నాం, టై తెచ్చుకున్నాం, ఇంగ్లీషు తెచ్చుకున్నాం. అసలు సరుకును అక్కడే వదిలేసి వచ్చాం.

1

ఈ కథ మొదలైంది హైదరాబాదులో కాదు, ఇటలీ దక్షిణాన సిసిలీ దీవిలో. 1548లో అక్కడి మెస్సీనా నగరంలో జెసూట్‌లనే క్యాథలిక్ సన్యాసుల సభవారు మామూలు ఇళ్ల పిల్లల కోసం ఒక బడి తెరిచారు. అప్పటికి ఆ సభ పుట్టి ఎనిమిదేళ్లు. బడులు నడపడం వాళ్లు మొదట అనుకున్న పని కాదు. ఒక ఊరు అడిగింది, తెరిచారు. మరో ఊరు అడిగింది. ఇట్లా పెరిగిపోయాక ఒక్కో బడి ఒక్కో తీరున నడుస్తోందని పెద్దలు కూర్చుని నియమాలు రాశారు. చాలా ఏళ్లు దిద్దుకున్నాక 1599లో అచ్చయిన ఆ పుస్తకం పేరు రాషియో స్టూడియోరుమ్. చదువుల క్రమం అని చెప్పుకోవచ్చు. గుమాస్తా రాసినట్టుండే ఎండు పుస్తకం అది. ఎవరు ఎప్పుడు గంట కొట్టాలి, ఏ తరగతిలో ఏ పుస్తకం, తప్పు చేసిన పిల్లవాణ్ని ఎవరు దండించాలి, అన్నీ అందులో ఉన్నాయి.

అందులో ఒక నియమం చదివి నేను కుర్చీలోంచి లేచాను. కింది వ్యాకరణ తరగతిలో లాటిన్ రచయిత సిసెరో పాఠం చెప్పేటప్పుడు ఒక్కసారికి నాలుగు పంక్తులు మించకూడదు! పేజీ కాదు, పేరా కూడా కాదు.

ఆ నాలుగు పంక్తులతో పంతులు ఏం చేయాలి? ముందు పైకి చదవాలి. విషయం ఏమిటో రెండు ముక్కల్లో చెప్పాలి, పిల్లల ఇంటి భాషలో కూడా. తర్వాత వాక్యం విప్పాలి. ఏ పదం ఏ పదానికి చేరుతుందో చూపించాలి. అప్పుడు మాటల అర్థం, ఆ తర్వాత వ్యాకరణ సూత్రం. అవసరమైతే కథో చరిత్రో ఒకటి, అదీ క్లుప్తంగా. ఈ మొత్తానికి ప్రెలెక్షన్ అని పేరు, అంటే పిల్లవాడు చదవడానికి ముందు పంతులు చదివి చూపించడం.

మన సంస్కృత పంతుళ్లు ఇక్కడుంటే నవ్వేవారు. పదచ్ఛేదం, అన్వయం, ప్రతిపదార్థం, సమాసం, అలంకారం, తాత్పర్యం, ఇది కాక ఇంకేమిటి? మల్లినాథుడి సంజీవని తెరిచి ఒక్క శ్లోకం చూడండి. శ్లోకం చెదిరిన పూసల్లా ఉంటుంది. ఆయన ఒక్కో పూసా ఏరి అన్వయమనే దారానికి గుచ్చుతాడు. అవసరమైన చోట నిఘంటువు పేరు చెబుతాడు, వ్యాకరణ సూత్రం చెబుతాడు, ముందుకు పోతాడు. ఎక్కడా నిలబడి తన గొప్ప చెప్పుకోడు. కుల్చారం మనిషికి సిసిలీ తెలియదు, సిసిలీవాళ్లకు కుల్చారం తెలియదు. పిల్లవాడి తలలోకి పాఠం వెళ్లే దారి రెండు చోట్లా ఒక్కటే అయింది.

ఇంకో పోలిక చెబుతాను. ఆ బడుల్లో నిన్నటి పాఠం ఇవాళ పిల్లలే అప్పజెప్పాలి. శనివారం వచ్చిందంటే వారమంతా చెప్పిన పాఠం మొదటి నుంచీ తిరగెయ్యాలి. మనవాళ్ల వల్లెవేత, చింతన అవే కదా. తరగతిని రెండు జట్లు చేసి, ఒకదానికి రోమ్ అనీ ఒకదానికి కార్తేజ్ అనీ పేర్లు పెట్టేవారు. ప్రతి పిల్లవాడికీ ఎదుటి జట్టులో ఒక పోటీదారు. వీడు తప్పు చదివితే వాడు పట్టుకోవాలి. అవధానంలో పృచ్ఛకులు ఏం చేస్తారో ఆ పోటీదారు అదే చేసేవాడు. కాకపోతే ఇక్కడ పన్నెండేళ్ల పిల్లలే పృచ్ఛకులు.

ఈ ఉపన్యాసానికి నిధి పెట్టిన పెద్దలు వేదిక మీద ఉన్నారు కాబట్టి డబ్బు సంగతి ఒకటి చెప్పాలి. మొదట్లో ఆ బడుల్లో ఫీజు లేదు. ఊరి పెద్దలో రాజులో శాశ్వత నిధి కడితేనే బడి తెరిచేవారు, దాని రాబడితో పంతుళ్లు బతికేవారు, పిల్లవాడి దగ్గర పైసా పుచ్చుకునేవారు కాదు. ఫీజులు తర్వాతి కాలపు సంగతి. మన ఊళ్లో ఇంగ్లీషు మీడియం అనగానే తండ్రి జేబు తడుముకుంటాడే, ఆ బడులు పుట్టిననాడు ఆ భయం లేదు.

2

తెలుగు నేల మీదికి ఇది ఎట్లా వచ్చిందో చూద్దాం. ఇక్కడొక మాట. మెదకువాళ్లకు మిషన్ అనగానే మన పెద్ద చర్చి గుర్తొస్తుంది. పాస్నెట్ దొర కట్టించినది, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగినది. అది ప్రొటెస్టెంట్లది. వెస్లియన్ మిషన్ కట్టింది, తర్వాత చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియాలో కలిసింది. నేను మాట్లాడుతున్నది రోమన్ క్యాథలిక్కుల గురించి. ఇద్దరూ క్రైస్తవులే గాని ఇల్లు వేరు, పొయ్యి వేరు. కలిపి మాట్లాడితే ఇద్దరికీ కోపం వస్తుంది.

జెసూట్‌లు తెలుగు దేశానికి 18వ శతాబ్దంలోనే వచ్చారు, రాయలసీమ వైపు. వాళ్లలో గాస్తోన్ కేర్దూ అని ఒక ఫ్రెంచి పాదిరి ఉండేవాడు. తెలుగు నేర్చాడు, సంస్కృతం నేర్చాడు, తెలుగు నిఘంటువు కూర్చాడు. పారిసు పండితులు ఏదో సందేహం అడిగితే 1767లో వాళ్లకు జవాబు రాశాడు. సంస్కృతంలో దానం, లాటిన్‌లో దోనుమ్. ఇక్కడ విధవ, అక్కడ విదువా. ఇట్లా జాబితా వేసి, ఈ భాషలకు మూలం ఒక్కటే అయి ఉండాలన్నాడు. విలియం జోన్స్ కలకత్తాలో అదే మాట అని పేరు తెచ్చుకున్నది 1786లో. కేర్దూ మాట దాదాపు ఇరవై ఏళ్లు ముందు, కానీ అది పుస్తకంలో అచ్చయింది 1808లో. అప్పటికి ఆయన లేడు. పాఠాన్ని పదం పదం విప్పి చూసే అలవాటున్నవాడికే అట్లాంటిది కనబడుతుంది. దానం, దోనుమ్ పక్కపక్కన పెట్టి చూడాలంటే రెండు భాషల్లోనూ నాలుగేసి పంక్తులు నిదానంగా చదివి ఉండాలి.

1773లో పోపుగారే జెసూట్ సభను రద్దు చేశారు. 1814లో మళ్లీ లేచింది. ఈ నడుమ, ఆ తర్వాతా తెలుగునాట బడులు తెరిచినవాళ్లలో ఎక్కువమంది వేరే సభలవాళ్లు. ఫ్రాన్సిస్ ద సేల్స్ సభవారు 1846లో విశాఖపట్నం వచ్చి, మరుసటి ఏడే, 1847లో, పాత ఊళ్లో సెయింట్ అలోషియస్ బడి పెట్టారు. పేరులో ఉన్న అలోషియస్ గొంజాగా ఇటలీలో గొప్ప ఇంటి బిడ్డ. రోములో మహమ్మారి రోగులకు సేవ చేస్తూ 1591లో, 23 ఏళ్లకే పోయాడు. విద్యార్థులకు ఆయన్ను పాలక సంతుగా పెట్టారు. విశాఖలో తెల్లవాళ్ల, ఆంగ్లో ఇండియన్ల పిల్లలతో మొదలైన బడి అది.

హైదరాబాదుకు వద్దాం. ఐర్లాండు నుంచి వచ్చిన డేనియల్ మర్ఫీ ఇక్కడ క్యాథలిక్ మిషన్ అధిపతిగా ఉన్న రోజుల్లో, 1855లో, గన్‌ఫౌండ్రీలో ఆల్ సెయింట్స్ మొదలైంది. గన్‌ఫౌండ్రీ అంటే ఫ్రెంచి సైన్యాధికారి రేమండ్ నిజాం కోసం ఫిరంగులు పోయించిన చోటు, తోప్ కా సాంచా. ఫిరంగుల కొలిమి పక్కన పిల్లల బడి. మర్ఫీ తర్వాత ఆస్ట్రేలియా వైపు టాస్మానియాకు వెళ్లి అక్కడే ఆర్చిబిషప్ అయ్యాడు. బడి ఇక్కడే ఉండిపోయింది.

ఆ ఏడాది హైదరాబాదు ఎట్లా ఉండేదో ఒక్కసారి ఊహించండి. సిపాయిల తిరుగుబాటుకు ఇంకా రెండేళ్లుంది. మొదటి సాలార్‌జంగ్ దివానుగా వచ్చి రెండేళ్లయింది. దర్బారు భాష ఫార్సీ. బజారులో ఉర్దూ, ఇళ్లలో తెలుగు, మరాఠీ, కన్నడం. కాలేజీ అనేది ఊళ్లో లేదు. నిజాం కాలేజీ వచ్చింది 1887లో, అదీ మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధంగా. ఉస్మానియా 1918లో, ఉర్దూ మాధ్యమంలో. అంటే కాలేజీ పుట్టడానికి ముప్పై రెండేళ్ల ముందే కాలేజీకి తయారుచేసే బడి పుట్టిందన్నమాట. పెళ్లికొడుకు పుట్టకముందే పందిరి వేసినట్టు.

ఆల్ సెయింట్స్‌ను నడుపుతున్నది సెయింట్ గాబ్రియేల్ మాంట్‌ఫోర్ట్ బ్రదర్లు. బ్రదర్ అంటే ఫాదర్ కాదు. ఆయన పూజ చేయించడు, పెళ్లి చేయించడు. సన్యసిస్తాడు, చాక్‌పీసు పట్టుకుంటాడు, అంతే. 1953లో వీళ్లే ఆబిడ్స్‌లో లిటిల్ ఫ్లవర్ తెరిచారు. 1955లో కాజీపేటలో సెయింట్ గాబ్రియేల్స్. అటు విజయవాడలో, ఆంధ్ర రాష్ట్రం అవతరించిన 1953 చివరనే జెసూట్‌లు ఆంధ్ర లొయోలా కాలేజీకి పునాది వేసి, 1954లో తరగతులు మొదలుపెట్టారు. కొత్త రాష్ట్రానికి ఉద్యోగులు కావాలి, ఇంజినీర్లు కావాలి, డాక్టర్లు కావాలి. లొయోలాలో చదివినవాళ్లలో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ఒకరు. ఆల్ సెయింట్స్ పిల్లల్లో క్రికెట్ అజారుద్దీన్ ఒకడు, మొదటి మూడు టెస్టుల్లో మూడు సెంచరీలు కొట్టినవాడు. ఎక్కడికి వెళ్లినా ఆల్ సెయింట్స్ అనగానే ఈ పేరే చెబుతారు. క్రికెట్ నాకు ఇష్టమే గాని, ఒక బడి నూటడెబ్బై ఏళ్లు నిలబడింది బ్యాటు మీద మాత్రం కాదు.

పెద్దమ్మలు నవ్వుకునే సంగతి ఒకటి. మనం ఊళ్లో ఏ ఇంగ్లీషు బడినైనా కాన్వెంటు అంటాం. సరస్వతీ కాన్వెంటు, వేంకటేశ్వర కాన్వెంటు అని బోర్డులు కూడా చూశాను. కాన్వెంటు అంటే సన్యాసినులు ఉండే ఇల్లు. వాళ్లు ఆడపిల్లలకు చెబితే కాన్వెంటు చదువు. గన్‌ఫౌండ్రీలో ఆల్ సెయింట్స్‌కు దగ్గరలోనే రోజరీ కాన్వెంటు ఉంది, అది ఆడపిల్లలది. మగపిల్లల బడిని వాళ్లెవరూ కాన్వెంటు అనరు. మావాడు కాన్వెంటులో చదువుతున్నాడని మీసం తిప్పేవాళ్లకు ఈ సంగతి చెప్పి నేను ఇద్దరు స్నేహితుల్ని పోగొట్టుకున్నాను.

3

ఇక నా సంగతి. అట్లాంటి బడిలోనే నేనూ చదివాను. పేరు చెప్పను, ఎందుకో కాసేపట్లో తెలుస్తుంది.

మా నాయిన నన్ను ట్రంకు పెట్టెతో సహా ఆర్టీసీ బస్సు ఎక్కించి పట్నం తీసుకుపోయాడు. పెట్టెలో రెండు జతల బట్టలు, ఒక దుప్పటి, అమ్మ కట్టిచ్చిన సకినాలు. హాస్టల్లో మొదటి రాత్రికే సకినాలు ఖాళీ. రెండో రోజు తరగతిలో బ్రదర్ బోర్డు మీద ఇంగ్లీషు వాక్యాలు రాశాడు, నాలుగు పంక్తులు. అదేమీ గొప్ప కవిత్వం కాదు. ఒక పడవ, ఒక నది, దాటాలనుకున్న ఒక మనిషి. గంట మోగేదాకా ఆ నాలుగు పంక్తులే.

ఆయన చెప్పలేదు, అడిగాడు. "ఎవరు దాటాలనుకున్నారు?" ఒకడు చెప్పాడు. "దేన్ని?" ఇంకొకడు చెప్పాడు. "ఎప్పుడు? వానకు ముందా, తర్వాతా? నీకెట్లా తెలుసు? ఏ పదం చెప్పింది?" ఆ ఏ పదం చెప్పింది అన్న ప్రశ్న దగ్గర అందరం నోళ్లు మూశాం. ఆయన చాక్‌పీసు ముక్కతో ఒక చిన్న పదం కింద గీత గీశాడు. రెండక్షరాల పదం. వాక్యంలో కాలమంతా దాని మీద వేలాడుతోందని అప్పుడు కనబడింది. నాకు ఇంగ్లీషు సరిగా రాదు. కానీ ఆ గంటలో, రాని భాషలో కూడా వాక్యాన్ని తాళం తీసినట్టు తీయవచ్చునని తెలిసింది. చాలా ఏళ్ల తర్వాత సంజీవని చేతికొచ్చినప్పుడు నాకు కొత్తగా అనిపించలేదు. ఈయన మా బ్రదరే అనుకున్నాను, గడ్డం లేదంతే.

ఆ బ్రదర్ చేతులు గుర్తున్నాయి. సుద్దతో తెల్లబడి, గోళ్ల చివర్లు పగిలి ఉండేవి. మా ఒక్కొక్కరి పుస్తకాన్నీ రాత్రి భోజనాల తర్వాత దిద్దేవాడు. తప్పు కింద ఎర్ర గీత గీసి వదిలేసేవాడు, సరైనది రాసేవాడు కాదు. అది మేమే వెతుక్కోవాలి. ఆ రోజుల్లో అది క్రూరత్వమనిపించింది.

అసలు క్రూరత్వం వేరే ఉండేది, అందుకే బడి పేరు చెప్పనన్నాను. తెలుగు మాట్లాడితే జరిమానా. ఒక చెక్క బిళ్ల ఉండేది. తెలుగు మాట నోటి నుంచి వచ్చినవాడి మెడలో అది పడేది. వాడు మరొకణ్ని పట్టుకుంటే వాడి మెడలోకి. సాయంత్రం ఎవరి దగ్గర బిళ్ల ఉంటే వాడు పది పైసలు కట్టాలి. ఒక ఎండాకాలం పొద్దున నేను, "నల్లా కాడ నీళ్లొస్తలేవు" అన్నాను. అంతే. బిళ్ల పడింది. పది పైసల కంటే ఎక్కువ బాధపెట్టింది ఏమిటంటే, ఆ మాటకు ఇంగ్లీషు నాకు రాదు. నీళ్లు రావడం లేదని చెప్పలేక ఆ రోజంతా దాహంతో ఉన్నాను.

ఇంతకుముందు చెప్పిన పాత నియమావళిని ఇప్పుడు గుర్తు చేసుకోండి. పై తరగతుల్లో లాటిన్ తప్ప మాట్లాడకూడదని అందులోనూ గట్టిగా ఉంది, దాచను. కానీ ఇంకా లాటిన్ రాని చిన్న తరగతులను ఆ కట్టడి నుంచి తప్పించారు. పాఠం విషయాన్ని ఇంటి భాషలోనూ చెప్పమన్నారు. మా బడివాళ్లు కట్టడిని ఉంచుకున్నారు, కనికరాన్ని పారేశారు. పైగా, ఇదొక్క బడి తప్పు కూడా కాదు. తండ్రులు కోరుకున్నది అదే. మా నాయినకు బిళ్ల సంగతి చెబితే, "మంచిదే, ఇంగ్లీషు తొందరగ వస్తది" అన్నాడు. బిళ్ల వేసినవాళ్ల కంటే ఆ మాట నన్ను ఎక్కువ రోజులు వెంటాడింది.

హాస్టల్ తిండి గురించి ఎవరైనా అడుగుతారని తెలుసు. గురువుగారి ఇంట నెయ్యికి బదులు వేపనూనె వడ్డిస్తే చదువు ధ్యాసలో శిష్యుడికి తెలియలేదనీ, చేదు తెలిసిన రోజే చదువు పూర్తయిందనీ ఒక కథ ఉంది కదా. చాలామంది పండితుల పేర్ల మీద తిరుగుతుంది. మా హాస్టల్ సాంబారు చేదు నాకు మొదటి రోజే తెలిసింది. దాన్నిబట్టి నా పాండిత్యం అంచనా వేసుకోవచ్చు.

4

ఇప్పుడు కొంచెం చేదు మాట. ఈ బడులు ఎవరి పిల్లల్ని తయారుచేశాయి?

తెలుగు క్యాథలిక్కుల్లో ఎక్కువమంది దళితులు. పల్లె గుళ్లలో ఆదివారం మోకరిల్లేది వాళ్లే. పట్నాల్లోని పేరున్న ఇంగ్లీషు బడుల బెంచీల మీద మాత్రం ఎక్కువగా కూర్చున్నది ఉద్యోగస్తుల, వ్యాపారుల, భూములున్నవాళ్ల పిల్లలు. హిందువులు, ముస్లిములు, కాస్త కలిగిన క్రైస్తవులు. నేనూ అందులో ఒకణ్ని, మా నాయినకు పదెకరాల తరి ఉండేది. చర్చి ఒకరిది, బడి ఇంకొకరిది అన్నట్టయింది. పల్లెల్లో ఆ సభలవాళ్లే తెలుగు మీడియం బడులు నడిపారు, హాస్టళ్లు పెట్టారు, నిజం. కానీ రెండు రకాల బడులకూ నడుమ గోడ ఉంది, ఆ గోడ ఎక్కినవాళ్లు తక్కువ.

ఎక్కిన ఒకరి సంగతి చెబుతాను. రాయలసీమలో పేద దళిత కుటుంబంలో పుట్టిన ఆంథోనీ పూలకు ఏడో తరగతి తర్వాత చదువు ఆగిపోయే పరిస్థితి వచ్చింది. మిషనరీలు చెయ్యి పట్టుకుంటే చదువు సాగింది. ఆయన ఇప్పుడు హైదరాబాద్ ఆర్చిబిషప్. 2022 ఆగస్టు 27న పోపు ఫ్రాన్సిస్ ఆయన్ను కార్డినల్ చేశారు. దళితుల నుంచి కార్డినల్ అయిన మొదటి మనిషి. మొదటి మనిషి అని చెప్పుకోవడంలో గర్వమూ ఉంది, సిగ్గూ ఉంది. అంతకాలం ఎందుకు పట్టింది?

ఆడపిల్లల మాట నేనింతవరకూ ఎత్తలేదు. మగపిల్లల బడి అని విషయం పెట్టుకున్నాను కాబట్టి తప్పించుకుందామనుకున్నాను. కుదరదు. సన్యాసుల సభలు మగపిల్లల్ని, సన్యాసినుల సభలు ఆడపిల్లల్ని పంచుకోవడం వాళ్ల నియమాల వల్ల వచ్చింది. ఒక తరానికి అది ఉపయోగపడింది కూడా, వేరే బడి ఉంటేనే ఆడపిల్లను పంపే తండ్రులుండేవారు. విజయవాడలో లొయోలా వచ్చిన ఎనిమిదేళ్లకు, 1962లో, మారిస్ స్టెల్లా ఆడపిల్లల కాలేజీ వచ్చింది. మా చెల్లె నాకన్నా తెలివైనది. దాన్ని పట్నం పంపలేదు. అది సన్యాసుల తప్పు కాదు, మా ఇంటి తప్పు.

పట్నం బడికీ పల్లె బడికీ నడుమ ఉన్న ఆ గోడను పడగొట్టే పని చేసినవాడు మన మనిషే. పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉండగా 1971 నవంబరులో నల్లగొండ జిల్లా సర్వేల్‌లో గురుకుల పాఠశాల మొదలైంది. ఫీజు లేదు, పరీక్ష పెట్టి పల్లె పిల్లల్ని తీసుకున్నారు, బడిలోనే ఉంచి చదివించారు. తర్వాత కేంద్రంలో విద్యాశాఖ చూసిన రోజుల్లో నవోదయలు తెచ్చాడు. మన పిల్లలకు వర్గల్ నవోదయ తెలిసే ఉంటుంది. పేరు గురుకులం, ఊపిరి మన ఆశ్రమాలది. కానీ గంట ప్రకారం లేవడం, రాత్రి స్టడీ అవర్, హౌసులు, ఆటలు, పంతుళ్లు పిల్లలతోనే ఉండటం, వీటిలో నాకు బ్రదర్ల బోర్డింగు బడి నీడ కనబడుతుంది. మెస్సీనాలో ఫీజు లేకుండా మొదలైన పని నాలుగు వందల ఏళ్లు తిరిగి సర్వేల్‌లో మళ్లీ ఫీజు లేకుండా మొదలైంది.

5

ఇక ఇవాళ్టి సంగతి, త్వరగా ముగిస్తాను. మీకందరికీ తెలిసిన సంగతే.

మన రాష్ట్రంలో ఒకేడాది పీయూసీ పోయి రెండేళ్ల ఇంటర్మీడియట్ వచ్చింది 1969–70లో. ఆ రెండేళ్లే ఇవాళ మనకు కాలేజీ ప్రిపరేషన్. కాలేజీలో చేరడానికి తయారుచేసే చోటుకే కాలేజీ అని పేరు పెట్టుకున్నాం. నాలుగో అంతస్తులో కిటికీలు తెరవని గది, పొద్దున ఐదింటికి మొదలు, ఎప్‌సెట్‌కు ఒక మెటీరియల్, ఐఐటీకి ఒక మెటీరియల్. పిల్లవాడి చేతిలో పుస్తకం ఉండదు, ప్రశ్నల కట్ట ఉంటుంది. ఒక్కో ప్రశ్నకు నాలుగు జవాబులు, ఒకటి గీటు పెట్టాలి.

నాలుగు పంక్తులకు గంట పట్టిన బడి అది. నాలుగు జవాబుల్లో ఒకదానికి నిమిషం ఇచ్చే బడి ఇది. చదువును పాడు చేసినది ఫలానా సంస్థ అని నేను వేలు చూపించను. నా మనవడు కూడా అలాంటి గదిలోనే కూర్చున్నాడు, డబ్బు నేనే కట్టాను. ఇంజినీరయ్యాడు, మంచివాడే. మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు సంజీవనిలో ఒక శ్లోకం చూపించి, తెలుగు తాత్పర్యం కూడా పక్కన పెట్టి, ఇందులో ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో చెప్పమన్నాను. "తాతయ్యా, ఆప్షన్లు ఇవ్వు" అన్నాడు. అందరం నవ్వాం. రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మీరు నన్ను పిలిచిన ఊరికి పెద్ద భవనాలు అక్కర్లేదు. టై అక్కర్లేదు, బిళ్ల అసలే అక్కర్లేదు. మీ నిధి వడ్డీతో ఏటా నాలాంటివాణ్ని పిలిచి శాలువా కప్పుతున్నారు, సంతోషం. వచ్చే ఏడు శాలువా మానేయండి. ఆ డబ్బుతో ముప్పై నల్లబల్లలు కాదు, ఒక్క నల్లబల్ల, రెండు ట్యూబులైట్లు, కొన్ని చాపలు కొనండి. బడి గది ఒకటి శనివారం సాయంత్రాలు తెరిపించండి, హెడ్మాస్టరుగారితో నేను మాట్లాడాను, ఒప్పుకున్నారు. నాలుగు పంక్తులే చదువుదాం. ఒక వారం రఘువంశం మల్లినాథుడితో, ఒక వారం తెలుగు పద్యం, ఒక వారం ఇంగ్లీషు, ఒక వారం లెక్కల పుస్తకంలో మాటల లెక్క. నల్లా కాడ నీళ్లొస్తలేవు అనే భాషలోనే మాట్లాడుకుందాం.

మెదకు నుంచి బస్సు ఉంది, నేను వస్తాను. వచ్చే నెల మొదటి శనివారం, సాయంత్రం ఆరు గంటలకు. పిల్లల్ని పంపండి. ఆడపిల్లల్ని ముందు పంపండి.